తప్పిన లెక్కను అచ్చువేయించిన మనిషి: లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్

బి.యస్సీ. తృతీయ సంవత్సరం (గణితం – భౌతికం – భూగర్భశాస్త్రం)

విజ్ఞానశాస్త్ర చరిత్ర పేరుతో మనం చదువుకునేవి ఎక్కువగా గెలుపు కథలే. ఫలానా సంవత్సరంలో ఫలానా మహానుభావుడు ఫలానా సూత్రం కనిపెట్టాడని పుస్తకంలో ఉంటుంది. మనం బట్టీపట్టి పరీక్షలో రాసేసి వస్తాం. ఈ వ్యాసంలో నేను చెప్పబోయే మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించినా ఏదో ఒక మూల, ఒక సూత్రం పక్కన మాత్రమే కనిపిస్తుంది. కాని ఈనాడు ఏ దేశంలోనైనా రేపు వాన పడుతుందా, తుపాను ఎక్కడ తీరం దాటుతుంది అని సమీకరణాలు కట్టి చెబుతున్నారంటే, ఆ లెక్కకు మొదట చాలు దున్నినవాడు ఆయన. విచిత్రమేమిటంటే, ఆ పద్ధతిలో ఆయన తన చేత్తో చేసిన ఒకే ఒక్క సూచన ఘోరంగా తప్పింది. ఆయన దాన్ని దాచలేదు, పుస్తకంలో అంకె అంకె అచ్చువేయించాడు. ఆయనే లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్.

బాల్యం – విద్య

1881 అక్టోబరు 11న ఇంగ్లండు ఉత్తరాన ఉన్న న్యూకాజిల్ పట్టణంలో ఆయన పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో కడగొట్టువాడు. తండ్రిది తోళ్ళు పదునుచేసే వ్యాపారం. కుటుంబం క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందినది. ఎంతటి కారణం ఉన్నా సరే, మనిషి మనిషి మీద ఆయుధం ఎత్తకూడదన్నది వాళ్ళ నిష్ఠ. ఈ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. రిచర్డ్‌సన్ జీవితంలో ప్రతి పెద్ద మలుపు దగ్గరా ఇదే అడ్డం వచ్చి నిలబడింది.

యార్క్‌లో బడి చదువు, న్యూకాజిల్‌లో రెండేళ్ళ సైన్సు చదువు, ఆ తర్వాత కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ. ఒక్క గణితమే కాదు. భౌతికం, రసాయనం, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం అన్నీ ముట్టుకున్నాడు. 1903లో ప్రథమ శ్రేణిలో పట్టా పుచ్చుకున్నాడు. ఆ తర్వాత పదేళ్ళు ఒకచోట నిలకడగా లేడు. జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొన్నాళ్ళు, ఒక కాలేజీలో కొన్నాళ్ళు, దీపాల కంపెనీలో కొన్నాళ్ళు. ఇప్పటి వాళ్ళెవరైనా చూస్తే కుర్రాడికి కుదురు లేదనేవాళ్ళే. కాని అసలు విద్య అబ్బింది ఈ తిరుగుళ్ళలోనే.

బురదనేల నేర్పిన గణితం

1906లో ఆయన పీటు తవ్వే ఒక కంపెనీలో చేరాడు. పీటు అంటే బురదనేలల్లో కుళ్ళిన మొక్కలు వేల ఏళ్ళుగా పేరుకుని తయారైన నల్లటి మెత్తటి మట్టి. ఎండబెట్టి పొయ్యిలో వాడతారు. తవ్వాలంటే ముందు నీరు దిగిపోవాలి. కాలువలు ఎక్కడ తియ్యాలి, ఎంత దూరానికొకటి తియ్యాలి? మురుగు నిలిచే పల్లపు చేలు ఉన్న రైతు ఎవరికైనా ఈ ప్రశ్న తెలిసిందే.

మట్టిలో నీరు ఇంకే తీరుకు సమీకరణం ఉంది. లాప్లాస్ సమీకరణమని మనమూ చదువుతున్నాం. వృత్తానికో దీర్ఘచతురస్రానికో అయితే అందంగా సాధించేస్తాం. నేల వంకరటింకరగా ఉంటే? అక్కడ మన క్లాసు నోట్సు ఆగిపోతుంది. రిచర్డ్‌సన్ మొదట నీటి దారుల్ని చేత్తో గీసి, సరిదిద్ది, మళ్ళీ గీసి సుమారు జవాబు రాబట్టాడు. తర్వాత గీతల్ని వదిలి అంకెలు పట్టుకున్నాడు. మనం చేనును గట్లు వేసి మళ్ళుగా విడగొట్టినట్టు, ఆయన నేలను చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టాడు. గీతలు కలిసే ప్రతి బిందువు దగ్గరా ఒక అంకె. అలా చేసేసరికి ఆ భయంకరమైన అవకలన సమీకరణం ఒక చిన్న మాటగా మారిపోతుంది: ప్రతి అంకె తన చుట్టూ ఉన్న నాలుగు అంకెల సగటు కావాలి. అంతే.

ఒక ఉదాహరణ చూద్దాం. చదరపు రేకు పై అంచు 100 డిగ్రీల వేడి, మిగతా మూడు అంచులు 0. లోపల నాలుగు బిందువులు తీసుకుంటే పై రెండింటి వేడి సమానం, కింది రెండింటి వేడి సమానం. సగటు నియమం పెడితే పైవాటికి 37.5, కిందివాటికి 12.5 వస్తాయి. కూడిక, భాగహారం వచ్చినవాడు ఎవడైనా చెయ్యగలడు. గళ్ళు పెంచిన కొద్దీ జవాబు నిజానికి దగ్గరవుతుంది. దీన్నే పరిమిత భేదాల పద్ధతి అంటారు.

1910లో ఆయన ఈ పద్ధతితో నైలు నది మీది అస్వాన్ రాతి ఆనకట్టలో ఒత్తిళ్ళు లెక్కగట్టి రాయల్ సొసైటీకి పంపాడు. అప్పటికి కంప్యూటరు అంటే యంత్రం కాదు, లెక్కలు చేసే మనిషి. ఆయన కొందరు కుర్రాళ్ళను కూలికి పెట్టుకుని లెక్కలు చేయించాడు. మూడంకెల సంఖ్యలైతే ఒక్కో బిందువుకు పెన్నీలో ఆరో వంతు. తప్పు చేస్తే కూలి లేదు. చురుకైన కుర్రాడు వారానికి రెండువేల లెక్కల దాకా చేసేవాడట! ఇంత పని చూపించినా కింగ్స్ కాలేజీ వారు ఆయనకు ఫెలోషిప్ ఇవ్వలేదు. ఉజ్జాయింపు గణితమంటే ఆనాటి పెద్దలకు చిన్నచూపు.

గడ్డివామి మీద ఆఫీసు

1913లో బ్రిటిష్ వాతావరణ శాఖ ఆయన్ని స్కాట్లండులోని ఎస్క్‌డేల్‌మ్యూర్ పరిశోధనాలయానికి అధిపతిగా వేసింది. భూ అయస్కాంతం, భూకంపాలు, వాతావరణం మూడూ నమోదు చేసే చోటు అది. ఊరికి దూరం, ఎప్పుడూ ముసురు. ఆయనకు కావలసిందీ అదే. అంతకు ముందు 1904లోనే నార్వే శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ బ్యెర్క్‌నెస్ ఒక మాట తేల్చాడు. ఇప్పుడు గాలి ఏ స్థితిలో ఉందో తెలిస్తే, భౌతికశాస్త్ర నియమాల్ని బట్టి రేపు ఏ స్థితిలో ఉంటుందో తెలియాలి. తెలియాలి సరే, లెక్క చెయ్యడం ఎలా? ఆ సమీకరణాలు మామూలు పద్ధతులకు లొంగవు. రిచర్డ్‌సన్ తన గళ్ళను ఆకాశం మీద పరిచాడు.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆయన తుపాకి పట్టనన్నాడు. అలాగని చావుల్ని చూస్తూ ఇంట్లో కూర్చోలేకపోయాడు. 1916లో ఉద్యోగం వదిలి, క్వేకర్ల అంబులెన్సు దళంలో చేరి, ఫ్రాన్సు యుద్ధరంగంలో గాయపడ్డవాళ్ళను మోసే బండి నడిపాడు. విధి లేని గంటల్లో, చలి కొట్టే విడిదిలో, గడ్డివామి మీద కూర్చుని లెక్క మొదలుపెట్టాడు.

ఆ లెక్కకు తీసుకున్న రోజు 1910 మే 20, ఉదయం 7 గంటలు. హేలీ తోకచుక్క భూమికి దగ్గరగా వచ్చిన రోజులవి. ఐరోపా అంతటా బెలూన్లు ఎగరేసి పైగాలుల వివరాలు సేకరించి ఉంచారు. మధ్య ఐరోపాను రమారమి 200 కిలోమీటర్ల గళ్ళుగా, చదరంగం బల్లలా విడగొట్టాడు. ఎత్తులో ఐదు పొరలు. ఒక గడిలో పీడనం, పక్క గడిలో గాలి వేగం. ఒక్కచోట ఆరు గంటల్లో వచ్చే మార్పు తేల్చడానికి ఆయనకు దాదాపు ఆరు వారాలు పట్టింది. ఎప్పుడో జరిగిపోయిన వాతావరణాన్ని సూచించి ఏం లాభమని అడగవచ్చు. జవాబు ముందే తెలిసిన లెక్కతోనే కదా పద్ధతిని పరీక్షించేది!

జవాబు వచ్చింది. మ్యూనిక్ నగరం దగ్గర ఆరు గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు పెరగాలి. సముద్రమట్టంలో మామూలు పీడనం సుమారు 1013 మిల్లీబార్లు. మహాభయంకరమైన తుపాను నడిబొడ్డున కూడా అది వంద మిల్లీబార్లకు మించి తగ్గడం అరుదు. ఆ రోజు ఆ చోట నిజంగా జరిగిందేమిటంటే, పీడనం ఇంచుమించు కదలనే లేదు.

ఇది చాలదన్నట్టు 1917 ఏప్రిల్‌లో షాంపేన్ యుద్ధం జరుగుతుండగా ఆ రాతప్రతి వెనక్కి పంపేటప్పుడు పోయింది. కొన్ని నెలల తర్వాత బెల్జియంలో ఒక బొగ్గుకుప్ప కింద దొరికింది. తప్పిన లెక్క తనంతట తానే మాయమైతే ఇంకొకడైతే పీడ వదిలిందనుకునేవాడు. ఈయన దాన్ని తెచ్చుకుని, దుమ్ము దులిపి, మళ్ళీ సరిచూసి పుస్తకంలో చేర్చాడు.

పుస్తకం – గణిత మందిరం

1922లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆ పుస్తకాన్ని వెలువరించింది. పేరు వెదర్ ప్రిడిక్షన్ బై న్యూమరికల్ ప్రాసెస్. సమీకరణాలు, లెక్క వేసే ఫారాలు, ప్రతి మెట్టులో వచ్చిన ప్రతి అంకె, చివర్లో ఆ 145. ఏదీ కప్పిపుచ్చలేదు. గాలి వేగాల కొలతల్లోని దోషాలే దీనికి కారణమై ఉండవచ్చని తన అనుమానం కూడా చెప్పాడు.

అందులోనే ఒక ఊహాచిత్రం ఉంది. పెద్ద నాటకశాలలాంటి గుండ్రని మందిరం. గోడల నిండా ప్రపంచ పటం. అంతస్తుల్లో 64,000 మంది లెక్కలవాళ్ళు, ఎవరి గడి వాళ్ళది. ఎవరికి వచ్చిన అంకె పక్కవాళ్ళకు కనిపించేలా పలకలు. నడిమధ్య స్తంభం మీద ఒక అధికారి. ముందుకు పరుగెత్తేవాళ్ళ మీద గులాబీ వెలుగు, వెనకబడ్డవాళ్ళ మీద నీలి వెలుగు వేసి అందరినీ ఒక తాళంలో నడిపిస్తాడు. మందిరం బయట ఆటస్థలాలు, కొండలు, చెరువులు కూడా పెట్టాడు. వాతావరణాన్ని లెక్కించేవాడు దాన్ని గుండెనిండా పీల్చుకోవాలని ఆయన అభిప్రాయం. ఇప్పుడు ఒకే పనిని వేల ప్రాసెసర్లకు పంచి చేయించే సూపర్ కంప్యూటర్లకు ఇది మొదటి నమూనా అనవచ్చు.

750 ప్రతులు వేస్తే ముప్ఫై ఏళ్ళకు కూడా పూర్తిగా చెల్లలేదు. చదివిన కొద్దిమందీ మెచ్చుకున్నారు గాని, అంతమంది మనుషులు ఎక్కడ దొరుకుతారు, వచ్చిన జవాబు చూస్తే ఇలా ఉంది అని పక్కన పెట్టేశారు.

మనస్సాక్షి

యుద్ధం తర్వాత మళ్ళీ వాతావరణ శాఖలో చేరాడు. 1920లో ఆ శాఖను విమానదళాలు చూసే మంత్రిత్వశాఖ కింద కలిపారు. యుద్ధ యంత్రాంగంలో తాను భాగం కాలేనని రాజీనామా ఇచ్చేశాడు. తనకు ప్రాణమైన పని చేతికందుతున్న సమయంలో వదులుకోవడం చిన్న విషయం కాదు. లండన్‌లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ, తీరిక వేళల్లో పరిశోధన సాగించాడు. గాలిలో సుడులు ఎప్పుడు లేస్తాయో ఎప్పుడు అణుగుతాయో చెప్పే రిచర్డ్‌సన్ సంఖ్య 1920 నాటిది. 1926లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. ఆ దశకంలోనే, పొగ గాలిలో ఎలా విస్తరిస్తుందన్న తన పరిశోధన విషవాయువులు ప్రయోగించేవాళ్ళకు పనికొస్తోందని తెలిసి, అచ్చుకాని కాగితాలను నాశనం చేశాడని ఆయన భార్య డొరొతీ తర్వాత చెప్పింది.

1927లో ఆయన ఇచ్చిన ఒక చిట్కా మన పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది. దాన్ని రిచర్డ్‌సన్ బహిర్వేశనం అంటారు. పెద్ద గళ్ళతో ఒకసారి, చిన్న గళ్ళతో ఒకసారి లెక్క చేస్తే రెండూ తప్పే. అయితే తప్పు ఏ తీరులో తగ్గుతోందో తెలిస్తే, రెండు తప్పుల నుంచి ఒక మెరుగైన ఒప్పు తీయవచ్చు. వ్యాసార్ధం 1 ఉన్న వృత్తంలో చతురస్రం గీస్తే దాని చుట్టుకొలతలో సగం 2.828. షడ్భుజి గీస్తే 3. పై విలువకు రెండూ దూరమే. భుజాల సంఖ్య వర్గానికి విలోమంగా తప్పు తగ్గుతుందని పట్టుకుని రెంటినీ కలిపితే 3.137 వస్తుంది. మరో భుజం గీయకుండానే 3.1416కు అంత దగ్గరకు చేరాం. తప్పును సిగ్గుపడి పారెయ్యకుండా దాని నడక చూడటమే ఈ పద్ధతి ప్రాణం.

1929లో స్కాట్లండులోని పేస్లీ సాంకేతిక కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వెళ్ళాడు. నలభై ఏడేళ్ళు దాటిన వయసులో విద్యార్థిలా చదివి మనస్తత్వశాస్త్రంలో మరో పట్టా తీసుకున్నాడు కూడా. 1940లో ముందుగానే పదవి విరమించి, దేశాలు ఎందుకు యుద్ధానికి దిగుతాయో లెక్కలతో పట్టుకోవాలని కూర్చున్నాడు. సరిహద్దు పొడవుకూ యుద్ధాలకూ సంబంధం ఉందేమోనని వెతికితే, స్పెయిన్–పోర్చుగల్ సరిహద్దు ఒక దేశం లెక్కలో 987 కిలోమీటర్లు, రెండో దేశం లెక్కలో 1,214 కిలోమీటర్లు! కొలబద్ద చిన్నదైన కొద్దీ వంకరలన్నీ లెక్కలోకి వచ్చి పొడవు పెరుగుతుందని గ్రహించాడు. 1967లో మాండెల్‌బ్రాట్ ఈ పనిని పైకి తెచ్చాడు. ఫ్రాక్టల్ జ్యామితికి అదొక పునాదిరాయి. సముద్రపు నీటి సుడుల్ని చూడటానికి ముసలితనంలో ఆయన, అమెరికా శాస్త్రజ్ఞుడు హెన్రీ స్టామెల్ కలిసి పార్స్‌నిప్ దుంప ముక్కలు నీళ్ళలోకి విసిరి, అవి ఎంతెంత దూరం జరుగుతున్నాయో కొలిచారు. 1948లో వచ్చిన ఆ పరిశోధనా పత్రం దుంప ముక్కలతోనే మొదలవుతుంది. పరికరాలు లేవని పరిశోధన మానేసేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

లెక్క నిలబడింది

1950లో అమెరికాలో ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటరు మీద చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, ఫాన్ నాయ్‌మన్ సమీకరణాలను సరళంచేసి తొలి వాతావరణ సూచనలు లెక్కించారు. 24 గంటల సూచనకు సుమారు 24 గంటలు పట్టింది. ఫలితాల పటాలు చార్నీ రిచర్డ్‌సన్‌కు పంపాడు. ఆయన వాటిని భార్య ముందు పెట్టి, నిజంగా జరిగినదానికి ఏ పటం దగ్గరగా ఉందో చూడమన్నాడట. మార్పే లేదనుకోవడం కంటే కంప్యూటరు సూచన కాస్త మేలని ఆమె తేల్చింది. ఆయన సంతోషంగా అభినందనలు రాశాడు. 1953 సెప్టెంబరు 30న నిద్రలోనే కన్నుమూశాడు. 2008లో అదే ఎనియాక్ లెక్కను ఒక మామూలు సెల్‌ఫోనులో చేస్తే సెకను కూడా పట్టలేదు.

మన తీరానికి ఈ కథతో సంబంధం లేకపోలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే పదివేల మంది వరకు పోయారు. 1988లో మన దేశంలో మధ్యకాలిక వాతావరణ సూచనల కోసం జాతీయ కేంద్రం ఏర్పడింది. సూపర్ కంప్యూటరు తెచ్చి గళ్ళ లెక్కలు మొదలుపెట్టారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడే ముందు, అది వచ్చే చోటు రోజుల ముందే తెలిసింది. లక్షల మందిని తరలించారు. చెట్టూ చేమా పోయాయి గాని మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. హెచ్చరిక అందించే యంత్రాంగం, తుపాను ఆశ్రయాలు, ఉపగ్రహాలు అన్నీ అందుకు తోడ్పడ్డాయి. వాటి నడుమ ఆ గళ్ళ లెక్క కూడా ఉంది. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాడిగా నాకు ఇది కేవలం గణితంలా కనిపించదు.

మనకు మిగిలే ప్రశ్న

మన ప్రయోగశాలల్లో లోలకంతో గురుత్వ త్వరణం కొలుస్తాం. జవాబు 980 దగ్గరకు రాకపోతే రీడింగులు ఎలా సర్దుతారో విద్యార్థి లోకానికి వేరే చెప్పనక్కర్లేదు. రికార్డు పుస్తకంలో చివరి అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టే అలవాటు ఉన్నంతకాలం ఈ సర్దుబాట్లు ఉంటూనే ఉంటాయి. లెక్చరర్లు మన్నించాలి. తప్పు వచ్చిన రికార్డుకు, ఎందుకు తప్పిందో నిజాయితీగా వెతికిన పేజీకి కూడా మార్కులుంటే మనలో ఎంతమంది సర్దడం మానేస్తామో ఆలోచించండి.

రిచర్డ్‌సన్ కూడా ఆ 145ను 1.45గా సర్దవచ్చు. గడ్డివామి మీద ఆయన్ని చూసేవారెవరు? అలా సర్ది ఉంటే పుస్తకం అప్పట్లో బాగా అమ్ముడుపోయేదేమో. కాని ఆయన ప్రతి అంకె ఉన్నదున్నట్టు అచ్చువేయించాడు. అందుకే దశాబ్దాల తర్వాత ఐర్లండు శాస్త్రజ్ఞుడు పీటర్ లించ్ ఆ అంకెలన్నీ తీసుకుని అదే లెక్క కంప్యూటరు మీద మళ్ళీ చెయ్యగలిగాడు. అవే 145 మిల్లీబార్లు వచ్చాయి. అంటే పద్ధతి సరైనదే. మొదట తీసుకున్న గాలికీ పీడనానికీ పొత్తు కుదరకపోవడం వల్ల, నిజ వాతావరణంలో అంత బలంగా ఉండని గురుత్వ తరంగాలు లెక్కలో చెలరేగాయి. ఆ తొలి అంకెల్లోని అలజడిని వడగట్టి మళ్ళీ చేస్తే మార్పు ఒక మిల్లీబారు దరిదాపులకు దిగింది. దీన్ని వివరిస్తూ 2006లో లించ్ ఒక పుస్తకమే రాశాడు.

రిచర్డ్‌సన్ లెక్క ఎక్కడ తప్పిందో వెతికి పట్టుకోగలిగారంటే, ఆయన ఒక్క అంకె కూడా చెరపకపోవడం వల్లనే.